రాజోలు నుంచి వచ్చిన విదేశీ విద్యార్థిని

ఆ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఒక వేసవి సెలవుల్లో అంతర్జాతీయం అయిపోయింది. పాఠాలు మారలేదు. పాఠాలు చెప్పేవాళ్లు మారలేదు. మెట్ల దగ్గర ఊడిన పెచ్చులు ఊడినట్టే ఉన్నాయి. బోర్డు మాత్రం మారింది. 'ఇంటర్నేషనల్ మాస్టర్స్ ఇన్ ఫిజిక్స్' అని బంగారు రంగు అక్షరాలు వెలిశాయి, వాటి ముందు ఇరవై ఎనిమిది జెండా కర్రలు పాతారు.

అంతర్జాతీయ కోర్సు ఉన్న విశ్వవిద్యాలయాలకు మంచి గ్రేడు ఇస్తామని పైనుంచి సర్క్యులర్ రావడమే దీనంతటికీ కారణం. సర్క్యులర్ అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: 'కనీసం ఒక విదేశీ విద్యార్థి చదువుచున్న కోర్సు మాత్రమే అంతర్జాతీయ కోర్సుగా పరిగణింపబడును.' కర్రలు పాతడం పూర్తయ్యాక ఆ వాక్యం ఎవరో చదివారు.

వెతుకులాట మొదలైంది. ప్రకటనలు ఇచ్చారు. ఒక్క విదేశీయుడూ రాలేదు. గేటు దగ్గర కాపలా ఉండే గూర్ఖాను నేపాలీ కింద చేర్చుకుంటే ఎలా ఉంటుందని ఒక కమిటీ ఆలోచించింది. తీరా చూస్తే ఆయనది డార్జిలింగ్. పైగా ఆయన పదో తరగతి తప్పాడు. ఈ రెండింటిలో మొదటిదే పెద్ద లోపమని కమిటీ అభిప్రాయపడింది.

సరిగ్గా ఆ వారంలోనే గుబ్బల ఝాన్సీ సర్టిఫికెట్ల పరిశీలనకు వచ్చింది.

ఝాన్సీది రాజోలు. అక్కడ డిగ్రీ రెండో ఏడాది చదువుతుండగా ఈ విశ్వవిద్యాలయం నుంచి ప్రొఫెసర్ కమలాకర్ వాళ్ల కాలేజీకి ఉపన్యాసానికి వచ్చాడు. వెంట ఒక నల్లటి పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి మీట నొక్కాడు. పెట్టె 'టిక్' మంది. కాసేపాగి మళ్లీ 'టిక్' మంది. 'ఆకాశంలో పుట్టిన మ్యూవాన్ అనే కణం ఒకటి ఇప్పుడే ఈ పెట్టెలోంచి దూసుకుపోయింది, మన ఒంట్లోంచి కూడా ఇలాంటివి పోతూనే ఉంటాయి' అని చెప్పాడు. మిగతా పిల్లలు టీకి లేచారు. ఝాన్సీ మాత్రం ఆ పెట్టె దగ్గరే నిలబడిపోయింది. ఆ పెట్టెను తన చేత్తో తిప్పి, తన చేత్తో లెక్క తీయాలని అప్పుడే నిశ్చయించుకుంది. ఆమెకు కావలసింది అంతే. జెండా కర్రలతో ఆమెకు పని లేదు.

అంతర్జాతీయ వ్యవహారాల డైరెక్టరు డాక్టర్ పరాంకుశం ఆమెను తన గదికి పిలిపించాడు. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఎమ్మెస్సీలో చేరబోయే పిల్లకు డైరెక్టరు లేచి నమస్కారం పెట్టడమేమిటని ఆమె బిక్కచచ్చిపోయింది.

"తాము మస్కట్‌లో జన్మించారు," అన్నాడాయన, కళ్లు చెమర్చగా.

"ఆయ్. మా నాన్నగారు అక్కడ క్రేన్ నడిపేవారండి. నాకు ఎనిమిది నెలలప్పుడు వచ్చేశామండి."

"వచ్చేశారు. అంటే విదేశం నుంచి ఈ దేశానికి వచ్చారు."

"మా అందరిదీ ఇండియా పాస్‌పోర్టేనండి. నాకు ఆధార్ కార్డు కూడా ఉందండి."

"పోర్టల్‌లో ఆధార్‌కు గడి లేదమ్మా. జన్మస్థలానికి ఉంది. మస్కట్ అని నింపగానే పోర్టల్ దానంతట అదే తమరిని విదేశీ విద్యార్థి అని ఆకుపచ్చ రంగులో చూపించింది. ప్రభుత్వ పోర్టల్‌ను శంకించడానికి మనమెవరం?"

"నేను కాదంటేనండీ?"

"జన్మస్థలం తప్పుగా ఇచ్చినట్టవుతుంది. సీటు రద్దవుతుంది."

"తప్పు కాదండి, నిజంగానే అక్కడ పుట్టానండి."

"నిజమే కదా! మరి ఒప్పుకోవడానికి అభ్యంతరమేమిటి?" అని ఆయన కాగితం ముందుకు తోశాడు. ఝాన్సీకి నల్లటి పెట్టె గుర్తొచ్చింది. సంతకం చేసింది.

విదేశీ విద్యార్థికి విమానాశ్రయంలో స్వాగతం పలకాలని నియమావళిలో ఉంది. కాబట్టి రాజోలు నుంచి బస్సులో వచ్చిన పిల్లను విశ్వవిద్యాలయం కారెక్కించుకుని విమానాశ్రయానికి తీసుకెళ్లారు. ఆమె చేతిలో ఉన్న గోనె సంచీ ఫొటోలో బాగుండదని డైరెక్టరు తన చక్రాల పెట్టె ఇచ్చాడు. టికెట్ లేనిదే లోపలికి పోనివ్వరు గనక, బయటికొచ్చే గుమ్మం పక్కన స్తంభం వెనక ఆమెను నిలబెట్టి, విమానం దిగినవాళ్ల గుంపు రాగానే అందులో కలిసిపోయి నడిచి రమ్మన్నారు. ఆమె అలాగే నడిచి వచ్చింది. నాదస్వరం మోగింది. మెళ్లో దండ పడింది. గుంపులో ఉన్న ఒకాయన ఆమెను పోల్చుకుని, "ఏవమ్మా ఝాన్సీ, మీ అమ్మ నిన్ను బస్సెక్కించానని చెప్పిందే!" అని గట్టిగా అన్నాడు. ఆయన్ను ఫొటోలోంచి తప్పించారు.

తర్వాత ఆమెను అంతర్జాతీయ వసతి గృహంలో దించారు. నలభై గదులు, ఒక్కతే మనిషి. విదేశీయులు కారం తినలేరని నియమావళిలో ఉండటం వల్ల ఆమెకు రోజూ ఉడకబెట్టిన బీన్సు, ఉప్పు తక్కువ సూపు, రొట్టె పెట్టేవారు. వారం తిరిగేసరికి ఆమెకు నోరు చచ్చిపోయింది. వాళ్లమ్మ మణెమ్మ పార్శిల్ పంపిన గోంగూర పచ్చడిని సెక్యూరిటీవాళ్లు గేటు దగ్గరే ఆపి, విదేశీయురాలి ఆరోగ్యానికి ముప్పు కలిగించే పదార్థమని రాసుకుని, వాళ్లే తినేశారు.

విదేశీ విద్యార్థులకు 'ప్రారంభ తెలుగు' తప్పనిసరి. తెలుగు శాఖ నుంచి ఒక మాస్టారు వచ్చి, ఖాళీ గదిలో ఆమె ఒక్కదాన్నీ కూచోబెట్టి, పలక మీద అ, ఆలు దిద్దించాడు. పరీక్షలో ఆవు గురించి ఐదు వాక్యాలు రాయమన్నారు. ఝాన్సీ తమ ఇంటి ఆవు గురించి రెండు పేజీలు రాసింది. తొంభై ఎనిమిది మార్కులు వచ్చాయి. నాలుగో రోజున మెమో కూడా వచ్చింది: 'విదేశీ విద్యార్థిని అయి ఉండియు మొదటి సెమిస్టరునందే తెలుగులో ఇన్ని మార్కులు సంపాదించుట అనుమానాస్పదముగా నున్నది. కావున సంజాయిషీ కోరడమైనది.'

ఆమె సంజాయిషీ రాసి ఇచ్చింది. విచారణ కమిటీ ఆ కాగితం చూసి మరింత మండిపడింది.

"సంజాయిషీ కూడా తెలుగులోనే రాశారు," అన్నాడు పరాంకుశం. "అంటే చేసిన నేరమే మళ్లీ చేశారు."

మరుసటి సెమిస్టరులో ఝాన్సీ 'ఆవుకు ఆరు కాళ్లు' అని రాసి, నలభై ఒక్క మార్కులతో గట్టెక్కింది. ప్రగతి సంతృప్తికరంగా ఉందని కమిటీ రికార్డు చేసింది.

ఇవన్నీ ఆమె పళ్లబిగువున భరించింది. ఒళ్లు మండిపోయింది గానీ నల్లటి పెట్టె కోసం ఊరుకుంది. అసలు దెబ్బ రెండో సెమిస్టరు మొదట్లో, ప్రాజెక్టు మొదలైన రోజున తగిలింది.

మ్యూవాన్ ల్యాబు కింది అంతస్తులో ఉంది. పెట్టె సరిగ్గా లెక్కిస్తోందో లేదో సరిచూసుకోవడానికి ఆ ల్యాబులో చొక్కా గుండీ అంత రేడియోధార్మిక పదార్థం ఒకటి సీసపు పెట్టెలో భద్రంగా ఉంటుంది. అలాంటి పదార్థం ఉన్న గదిలోకి విదేశీయులు ఢిల్లీ అనుమతి లేనిదే అడుగుపెట్టరాదు. ఝాన్సీ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి తలుపు మీద ఆ సంగతే అంటించి ఉంది. కింద ఆమె పేరు కూడా రాశారు. ప్రపంచం మొత్తం మీద ఆ గదిలోకి రాకూడని విదేశీయురాలు ఆమె ఒక్కతేనన్నట్టు.

ఢిల్లీకి రాశారు. నాలుగు నెలలకు జవాబొచ్చింది. పరాంకుశం కళ్లజోడు సవరించుకుని పైకి చదివాడు: "'సదరు విద్యార్థిని భారత పౌరురాలు అయినందున ఈ కార్యాలయపు అనుమతి అవసరం లేదు.'"

ఝాన్సీ ఎగిరి గంతేసినంత పని చేసింది. "అయితే రేపట్నుంచి వెళ్లొచ్చాండీ?"

"ఎలా వెళ్తారు? ఇందులో అనుమతి మంజూరు చేసినట్టు ఎక్కడుంది? అవసరం లేదన్నారు. అంటే ఇవ్వలేదు."

"భారత పౌరురాలు అని రాశారు కదండీ!"

"అది వారి అభిప్రాయం. పోర్టల్ అభిప్రాయం వేరు. స్పష్టత కోరుతూ తిరిగి రాశాం."

ఆ స్పష్టత ఇంతవరకూ రాలేదు.

ప్రొఫెసర్ కమలాకర్ మంచివాడే. కాకపోతే రిటైర్మెంటుకు రెండేళ్లు మిగిలిన మంచివాడు. "నియమం నియమమేనమ్మా," అని నేలచూపులు చూసి, "కిటికీ గురించి మాత్రం వాళ్లేమీ రాయలేదు," అని గొణిగి వెళ్లిపోయాడు.

అలా ఝాన్సీ ప్రయోగం కిటికీ దగ్గర మొదలైంది. లోపల ల్యాబు అటెండరు పైడయ్య. బయట, ఊచలు పట్టుకుని, నోటుపుస్తకంతో ఝాన్సీ. ఎండైనా వానైనా గొడుగు ఆమెదే. పెట్టెను ఆకాశం వైపు నిటారుగా పెట్టి ఒకసారి, కొంచెం పక్కకు వంచి ఒకసారి, పది నిమిషాల్లో ఎన్ని మ్యూవాన్లు వస్తాయో లెక్కపెట్టాలి. పెట్టెను వంచడం పైడయ్య పని, అంకె చదవడమూ పైడయ్య పనే.

"నాలుగొందల పన్నెండమ్మా."

"ఇంకో పది డిగ్రీలు వంచు బాబాయ్."

"వొంచాను. మూడొందల ఎనబై. వొంచిన కొద్దీ తగ్గిపోతన్నాయేటమ్మా?"

"పక్క నుంచి వచ్చేవి ఎక్కువ గాలిని దాటుకుని రావాలి బాబాయ్. చాలా మటుకు దారిలోనే చచ్చిపోతాయి. నిటారుగా వచ్చేవే ఎక్కువ బతుకుతాయి."

పైడయ్య డైరెక్టరు ఆఫీసు వైపు చూసి, "మన కాడ అలగ నేదే," అన్నాడు.

ఆకాశం నుంచి పడే ఈ మ్యూవాన్లు ఏ దేశం పైన పుట్టాయో ఎవరూ అడగరు. అవి మేడ కప్పులోంచి, డైరెక్టరు గారి తలలోంచి, ఆయన ముందున్న ఫైళ్లలోంచి దర్జాగా దిగివచ్చేవి. అటు వాటికి గానీ ఇటు ఆ తలకు గానీ ఏ మార్పూ జరిగేది కాదు.

ఏడాది గడిచింది. ఝాన్సీ నిలబడ్డ చోట రెండు పాదాల మేర గడ్డి చచ్చిపోయింది. ఆమె పుస్తకం నిండింది, ఒక్క పదమూడో పేజీ తప్ప. ఆ గుండీ లాంటి పదార్థాన్ని పెట్టె ముందు ఉంచి, పెట్టె నిజంగానే సరిగ్గా లెక్కిస్తోందని తేల్చుకుని ఆ పేజీ నింపాలి. అది లేకపోతే మిగతా అంకెలన్నీ ఉత్త అంకెలే. సీసపు పెట్టె తెరిచే అధికారం పైడయ్యకు లేదు. ఝాన్సీ లోపలికి రాకూడదు. కమలాకర్‌ను అడిగితే, "విదేశీయురాలి కోసం తెరిచానని రాస్తే నా గతేం కాను?" అని చెమటలు తుడుచుకున్నాడు.

పరిశోధన సంస్థ ఒకటి ఆమెను ఇంటర్వ్యూకు రమ్మని రాసింది. ప్రాజెక్టు పుస్తకం పూర్తిగా తెమ్మంది. పదమూడో పేజీ తలుచుకుంటే ఆమెకు ఏడుపొచ్చేది.

ఈలోగా గ్రేడు ఇచ్చే పరిశీలక బృందం వస్తోందన్నారు. పరాంకుశం ఆమెకు ముందే చెప్పాడు: "మీరు తెలుగులో మాట్లాడరాదు. ఇంగ్లీషు కూడా మరీ బాగా మాట్లాడరాదు. చిరునవ్వు సరిపోతుంది."

బృందం అధ్యక్షుడు కిటికీ దగ్గర ఆగాడు. "ఈ అమ్మాయి ఇక్కడెందుకు నిలబడింది?" అని అడిగాడు. ప్రశ్న సూటిగా ఉంది. ఝాన్సీకి ప్రాణం లేచొచ్చింది.

"ఇది మా దూర ప్రయోగ విధానం సర్," అన్నాడు పరాంకుశం, ఆమె నోరు తెరిచేలోగా. "విద్యార్థికీ యంత్రానికీ మధ్య ఇనుప ఊచలు ఉంటాయి. భద్రతకు భద్రత, పారదర్శకతకు పారదర్శకత."

అధ్యక్షుడు 'నవీన విధానం' అని రాసుకుని, ఆమె వైపు తిరిగి, ఏమైనా ఇబ్బంది ఉందా అని ఇంగ్లీషులో అడిగాడు.

ఇక ఆమె వల్ల కాలేదు. "నన్ను లోపలికి రానివ్వట్లేదండి!" అని తెలుగులోనే బావురుమంది. "నేను విదేశీదాన్ని కాదండి. నాది రాజోలండి! ఏడాది నుంచి ఈ ఎండలో నిలబడుతున్నానండి!"

బృందం నిర్ఘాంతపోయింది. తర్వాత అధ్యక్షుడు మెల్లగా చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్లూ కొట్టారు. "అద్భుతం! రెండేళ్లలో ఒక విదేశీ అమ్మాయికి ఇంత చక్కటి తెలుగు నేర్పారా! ఆ యాస కూడా పట్టుబడిందే!" అని ఆయన పరాంకుశం చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

విశ్వవిద్యాలయానికి అన్నిటికంటే పైగ్రేడు వచ్చింది. నవీన విధానాన్ని విస్తరించాలని ఆదేశాలూ వచ్చాయి. మర్నాటి నుంచి ఫిజిక్స్ విద్యార్థులందరినీ ల్యాబుల్లోంచి బయటికి పంపేశారు. ఝాన్సీతో చదివే పదకొండు మందీ తలో కిటికీ వెతుక్కున్నారు. కిటికీ దొరకనివాళ్లకు వెంటిలేటరు, ఒక స్టూలు కేటాయించారు.

చదువు ముగిసింది. డిగ్రీ చేతికివ్వాలంటే ఇంకో నియమం ఉంది: విదేశీ విద్యార్థి స్వదేశానికి తిరిగి వెళ్తేనే పట్టా. మస్కట్‌లో తనకెవరూ లేరని ఝాన్సీ అంటే, "అక్కడ ఎవరున్నారన్నది మా పరిధిలోకి రాదు," అన్నాడు పరాంకుశం. ఒక మంగళవారం పొద్దున్న మళ్లీ అదే కారు, అదే నాదస్వరం, అదే చక్రాల పెట్టె. బయల్దేరేవాళ్ల గుమ్మం ముందు వెనక నుంచి ఫొటో తీసి, పట్టా ఇచ్చి, పదకొండు నలభైకి 'స్వదేశం బయలుదేరినది' అని రిజిస్టరులో రాసుకున్నారు. పట్టాతోపాటు ప్రవర్తనా పత్రం కూడా ఇచ్చారు. చక్రాల పెట్టె వెనక్కి తీసుకుని కారెక్కి పోయారు.

ఆమె ప్రవర్తనా పత్రం విప్పి చదివింది. 'సదరు విద్యార్థిని అధ్యయన కాలమంతటా నియమావళిని తు.చ. తప్పక పాటించి, ఒక్క పర్యాయమైనను ప్రయోగశాలలో ప్రవేశించి యుండలేదని సంతోషముతో ధ్రువీకరించడమైనది.'

ఫిజిక్స్‌లో పరిశోధనకు ఇంటర్వ్యూకు పోయే పిల్ల చేతిలో పెట్టిన కాగితం అది! ఆమెకు దుఃఖం రాలేదు. నవ్వు రాలేదు. కోపం తన్నుకొచ్చింది. ఆ కోపంతోనే బస్సెక్కి, తిన్నగా విశ్వవిద్యాలయంలో దిగింది.

ఆ రోజు అక్కడ విజ్ఞాన ప్రదర్శన. ఏడాదికి ఒక్కరోజు సామాన్య ప్రజలను ల్యాబుల్లోకి రానిస్తారు. ఆ సంగతి పైడయ్య ఆమెకు వారం ముందే చెవిన వేశాడు. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని, స్కూలు పిల్లలను లోపలికి పంపుతూ పరాంకుశమే కూచున్నాడు. ఆమెను చూసి ఉలిక్కిపడ్డాడు.

"మీరు వెళ్లిపోయారు కదా?"

"ఆయ్, వెళ్లిపోయానండి. పదకొండు నలభైకి."

ఆయన రిజిస్టరు తిరగేశాడు. నిజమే. రాసి ఉంది. విదేశీ విద్యార్థిని ఫైలు మూసేశారు. మూసిన ఫైలులోని మనిషి ఎదురుగా నిలబడితే ఏం చేయాలో నియమావళిలో లేదు.

"అయితే ఇప్పుడు మీరెవరు?"

"సామాన్య ప్రజనండి. రాజోలు నుంచి వచ్చానండి."

పరాంకుశం సందర్శకుల ఫారం ముందుకు లాక్కున్నాడు. "ఆధార్ ఉందా?"

రెండేళ్లుగా ఎవరూ అడగని కార్డును ఆమె సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టింది. సందర్శకుల ఫారంలో ఆధార్‌కు గడి ఉంది. ఆయన పన్నెండు అంకెలూ జాగ్రత్తగా నింపాడు. "భారతీయురాలు. లోపలికి వెళ్లవచ్చు," అన్నాడు.

ఝాన్సీ మొదటిసారి గుమ్మం దాటింది. లోపల నల్లటి పెట్టె చుట్టూ స్కూలు పిల్లలు మూగి ఉన్నారు. కమలాకర్ సీసపు పెట్టె తెరిచి, ఆ గుండీని ఎత్తే చిమటా చేత్తో పట్టుకుని ఏదో చెబుతూ, ఆమెను చూసి ఆగిపోయాడు. పైడయ్య గోడకంటించిన ప్రదర్శన సర్క్యులర్ దగ్గరికెళ్లి, ఒక్కో మాట మీదా వేలు పెట్టి చదివాడు: "'సందర్శకులచే స్వహస్తములతో ప్రయోగములు చేయించవలెను.' సేయించవలెను అని రాసుంది బాబూ. మరి సేయించండి."

కమలాకర్ సర్క్యులర్‌ను ఒకసారి, ఆమెను ఒకసారి చూశాడు. చిమటా ఆమె చేతికిచ్చాడు.

ఆ గుండీని పెట్టె ముందు అమర్చింది. పెట్టె గబగబా టిక్కుటిక్కుమంది. రెండో చెయ్యి నల్లటి రేకు మీద ఆనించింది. రేకు వెచ్చగా ఉంది. ఏడాదికి పైగా కిటికీలోంచి చూసినా ఆ సంగతి ఆమెకు తెలీదు. నోటుపుస్తకం పదమూడో పేజీ తెరిచి పైడయ్యకు అందించింది.

"నువ్వు రాసుకో బాబాయ్. ఈసారి నేను చదువుతాను."

మొదటి అంకె చదివింది. అప్పుడు కిటికీ అవతలి నుంచి ఎవరో పిలిచారు. చూస్తే ఊచలు పట్టుకుని, గొడుగులు వేసుకుని, ఆమెతో చదివిన పదకొండు మందీ నిలబడి ఉన్నారు. పట్టాలు చేతికి రాలేదు గనక రిజిస్టరులో వాళ్లింకా అంతర్జాతీయ కోర్సు విద్యార్థులే, నవీన విధానం ప్రకారం వాళ్లకు లోపలికి అనుమతి లేదు.

"ఝాన్సీ, కాస్త గట్టిగా చదవవే," అన్నారు వాళ్లు. "మేమూ రాసుకుంటాం."